లేపాక్షి బొమ్మలను చదివిన మ్యూజియం పండితుడు: కలంబూరు శివరామమూర్తి

శతవార్షికోత్సవ సంచిక అంటే మన సంఘ పెద్దలను, గురువులను, ఉపదేశకులను తలచుకొనే చోటు. వారి నడుమ నేనొక పండితుని గురించి వ్రాయబూనుకొన్నాను. ఆయన మన సంఘస్థుడు కాదు, మన జిల్లావాడు కాదు, ఆ మాటకొస్తే తెలుగు ఇంట పుట్టినవాడు కూడ కాదు. అయినా ఈ అనంతపురం సీమవారు ఆయనకు బాకీ పడి ఉన్నారని నా నమ్మకం. ఆ బాకీ ఏమిటో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఆయన పేరు కలంబూరు శివరామమూర్తి. 1909లో పుట్టి 1983లో కన్నుమూశారు. మద్రాసు ప్రభుత్వ మ్యూజియంలో పురావస్తు శాఖకు క్యురేటరుగా పనిచేసి, ఆ మీదట కలకత్తాకు, అక్కడినుండి ఢిల్లీకి వెళ్ళి, నేషనల్ మ్యూజియం డైరెక్టరు పదవివరకు ఎదిగారు. 1968లో పద్మశ్రీ, 1975లో పద్మభూషణ్ బిరుదులు వచ్చాయి. శిల్పశాస్త్రం చదువుకొన్నవారికి ఆయన పేరు తెలియకుండా ఉండదు. మన ఊళ్ళలో మాత్రం ఆ పేరు విన్నవారు తక్కువ.

మన మిట్టనేలమీద కరువును గురించి చెప్పమంటే పలక పట్టిన పిల్లవాడు కూడ చెబుతాడు. సాలుకు 22 అంగుళాల వాన, అదీ పడితే పడినట్టు. 1876లో మొదలైన ధాత కరువు మాట మన తాతల నోట ఇంకా చల్లారక ముందే మరికొన్ని కరువులు వచ్చిపోయాయి. ఇట్టి నేలమీద పంట గాక మరేమి పండిందని అడిగితే చాలామంది తడుముకొంటారు. హిందూపురానికి తూర్పున, తాబేటి వీపులాంటి ఒక రాతిగుట్టమీద, వీరభద్రస్వామి ఆలయపు కప్పుమీద అది పండింది. విజయనగర రాజ్యపు గోడబొమ్మలు ఇంత విస్తారంగా, ఇంత తేటగా మిగిలిన చోట్లు చాలా అరుదు. ఆ బొమ్మలమీద శివరామమూర్తిగారు వ్రాసిన వ్యాసం 1937లో కలకత్తాలోని ఇండియన్ సొసైటీ ఆఫ్ ఓరియంటల్ ఆర్ట్ వారి పత్రికలో అచ్చయింది. అప్పటికి ఆయన వయసు 28 సంవత్సరాలు. లేపాక్షి పేరు దేశంలోని కళాపండితుల బల్లలమీదికి చేరడానికి తోడ్పడిన తొలి రచనలలో అది ఒకటి.

ఆయన ఎట్టి చోటునుండి వచ్చి ఆ కప్పు వంక తలెత్తి చూచారో తెలియాలంటే మద్రాసు మ్యూజియం సంగతి కొంచెం చెప్పాలి.

అది 1851లో పుట్టింది. 1854లో ఎగ్మూరులోని పాంథియన్ భవనానికి మారింది. మొదట్లో అక్కడే కొన్ని జంతువులను కూడ పెంచేవారు. తరువాత వాటిని వేరే తోటకు తరలించారు. అప్పటినుండి పల్లెలనుండి పట్నం చూడవచ్చిన తమిళులు జంతువుల తోటను బ్రతికిన కాలేజీ అని, మ్యూజియంను చచ్చిన కాలేజీ అని పిలిచేవారు. ఆ పేరులో వేళాకోళం ఉంది, నిజమూ ఉంది. గడ్డి కూరిన పులి, సీసాలో పాము, పేరులేని రాయి, ఊరు తెలియని కత్తి. చూచేవాడు నోరు తెరచి చూస్తాడు, ముందుకు నడుస్తాడు. కాలేజీ అన్నందుకు నేర్పేది ఏముంది? వస్తువు పక్కన నిలబడి దాని సంగతి చెప్పేవాడు లేకపోతే ఎంత గొప్ప మ్యూజియమైనా చచ్చిన కాలేజీయే.

1920 మొదలు 1940 వరకు ఆ మ్యూజియంకు సూపరింటెండెంటుగా ఉన్న డాక్టర్ గ్రేవ్లీ వృత్తిరీత్యా జంతుశాస్త్రజ్ఞుడు. సాలెపురుగులు, తేళ్ళు మొదలైనవి ఆయన చదువు. చిత్రమేమంటే దక్షిణదేశపు గుడుల వాస్తు గురించి, కంచు విగ్రహాల గురించి క్రమపద్ధతిలో వ్రాయించినది, తానే కూర్చుని వ్రాసినది ఆయనే. పురుగులను జాతులుగా విడదీసిన కన్నుతోనే స్తంభాలను, బోదెలను విడదీసి చూచాడు. ఆయన దగ్గర పనిచేయడానికి సంస్కృతం క్షుణ్ణంగా చదువుకొన్న శివరామమూర్తిగారు రావడం ఆ మ్యూజియం చేసుకొన్న అదృష్టం. ఒకరికి వర్గీకరణ తెలుసు, ఒకరికి కావ్యం తెలుసు. 1939లో ఇద్దరూ కలిసి పురావస్తు విభాగానికి ఒక మార్గదర్శిని వెలువరించారు. గోపురం ఎట్లా గుర్తుపట్టాలి, ఏ కాలపు స్తంభం ఏ వాలకంగా ఉంటుంది, విగ్రహం చేతిలో ఏముంటే అది ఎవరు, ఇవన్నీ సామాన్యుడు పుస్తకం చేతబట్టుకొని తిరుగుతూ నేర్చుకొనేటట్టు వ్రాశారు. ఉపాధ్యాయుడు అనే మాట ఆయనకు నేను ఊరికే వాడడంలేదు. తరగతిగది లేని ఉపాధ్యాయుడాయన.

ఇక అమరావతి రాళ్ళ కథకు వద్దాము. ఇది తెలుగువారికి కొంత నొప్పి కలిగించే కథ. కృష్ణ ఒడ్డున ఉన్న ఆ మహాచైత్యపు రాళ్ళను 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు కొత్త ఊరు కట్టే సందర్భంలో త్రవ్వించారు. కర్నల్ మెకంజీ చూచి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించి మద్రాసుకు పంపించాడు. ఆ రాళ్ళు కొన్నేళ్ళు ఎండకు ఎండుతూ వానకు తడుస్తూ ఆరుబయట పడి ఉన్నాయి. 1859లో వాటిలో 121 ఓడెక్కి లండను వెళ్ళిపోయాయి. ఇప్పటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. 1880 తరువాత బర్జెస్ త్రవ్వించినవి మళ్ళీ మద్రాసు చేరాయి. అక్కడ వాటిని సిమెంటుతో గోడలకు అతికించి బిగించారు. ఆ అతుకుడు రాయికి మంచి చేయలేదని తరువాతివారు గుర్తించారు.

శివరామమూర్తిగారి చేతికి వచ్చేసరికి ఆ రాళ్ళ స్థితి అది. ఒక శరీరం తల ఒకచోట, కాలు ఒకచోట అన్నట్టు ముక్కలు ముక్కలైన చైత్యం. ఊడదీసి తెచ్చిన పాపం ఆయనది కాదు. కాని తెచ్చిపెట్టినదాన్ని ఏమి చేయాలన్న బాధ్యత మాత్రం ఆయన మీద పడింది. దానికి ఆయన ఇచ్చిన జవాబు 1942లో మద్రాసు మ్యూజియం బులెటినుగా వెలువడిన అమరావతి శిల్పాల గ్రంథం. యుద్ధకాలం, బాంబుల భయంతో జనం మద్రాసు వదలి పోతున్న సంవత్సరం అది. ఆ సంవత్సరంలో ఇంత పుస్తకం రావడమే ఒక విశేషం.

అందులో ఆయన శిల్పాలను నాలుగు కాలాలుగా విభజించారు. క్రీస్తుపూర్వం 200 ప్రాంతాన మొదలై క్రీస్తుశకం 250 ప్రాంతం వరకు. తొలికాలపు బొమ్మలు పలకమీద పలచగా, బిగుసుకొని ఉంటాయి. కడపటి కాలపువి సన్నగా సాగి, ఒకదానిమీద ఒకటి దొర్లినట్టు ఉంటాయి. ఏ రాయిమీద ఏ జాతకకథ ఉన్నదో గ్రంథాలతో పోల్చి తేల్చారు. అంతటితో ఊరుకోక ఆ బొమ్మలలోని ఆడవారి కొప్పులెన్ని రకాలు, చెవిపోగులెన్ని రకాలు, తలపాగాలు, మద్దెలలు, వీణెలు, బండ్లు, పడవలు, పీటలు, కుండలు, ఆయుధాలు, అన్నిటినీ విడివిడిగా ఏరి గీత బొమ్మలతో చూపించారు. దాదాపు 2000 సంవత్సరాల కిందటి తెలుగునాటి మనిషి ఏమి కట్టుకొన్నాడు, దేనిమీద కూర్చున్నాడు, దేనితో వాయించాడు అని అడిగేవారికి ఈనాటికీ ముందుగా తెరవవలసిన పుస్తకం అదే.

మద్రాసులో ఉన్న గుండ్రని ఫలకం ఒకటి చాలా పేరుపొందినది. మదించిన నాలగిరి అనే ఏనుగును బుద్ధునిమీదికి వదలిన కథ. చూడగానే రెండు ఏనుగులు కనిపిస్తాయి. తెలియనివాడు రెండు ఏనుగులని అనుకొని పోతాడు. ఉన్నది ఒకటే ఏనుగు. ఎడమవైపు అది వీధిలో పడి మనుషులను తొక్కుతూ, ఒకణ్ణి తొండంతో పట్టి లాగుతూ ఉంది. మిద్దెలమీదినుండి జనం తొంగిచూస్తున్నారు. ఒకామె భయంతో పక్కవారిని కరచుకొంది. కుడివైపు అదే ఏనుగు మోకాళ్ళమీద వంగి ఉంది. రెండు క్షణాల నడుమ జరిగినదాన్ని చూచేవాడు తన మనసులో పూరించుకోవాలి. ఇట్లా చదవడం ఒకసారి వస్తే ఏ గుడిగోడ దగ్గరకు పోయినా కళ్ళు వాటంతటవే పనిచేస్తాయి. శివరామమూర్తిగారి పుస్తకాలన్నీ కలిపి నేర్పేది ఈ చదువే.

ఆ పుస్తకంలో శాసనాల భాగం ఒకటి ఉంది. మామూలు పాఠకుడు అక్కడికి వచ్చేసరికి పుటలు తిప్పేస్తాడు. నేను మాత్రం మన సంఘంవారిని అక్కడే ఆగమంటాను. అమరావతి చైత్యానికి రాళ్ళు ఇచ్చినవారి పేర్లు ప్రాకృతంలో చెక్కి ఉన్నాయి. రాజులవి తక్కువ. వర్తకులు, గంధపుద్రవ్యాలు అమ్మేవారు, భిక్షుణులు, గృహస్థుల ఆడవారు, నీళ్ళశాలలు చూచుకొనే ఉద్యోగి. మంచినీళ్ళకోసం కోసుదూరం నడచిన తల్లుల బిడ్డలం గనుక ఆ చివరి ఉద్యోగం పేరు మనకు ఒకింత రుచిస్తుంది. వీరందరి మధ్య విధికుడనే పేరు ఒకటి. పూర్ణకుంభం చెక్కిన పలక అతని దానం. అతని తండ్రి నాగుడు, ఉపాధ్యాయుడు. విధికుడు తన తల్లిని, భార్యను, అన్నదమ్ములను, కొడుకును, కూతుళ్ళను అందరినీ కలుపుకొని ఆ దానం చేశాడు. శాసనం అతని వృత్తిని కూడ దాచలేదు: చమ్మకారుడు. తోలుపని చేసేవాడు.

ఈ ఒక్క పలకను గురించి ఎంత ఆలోచించినా తరగదు. తోలుపనివాడు, అతని తండ్రి ఉపాధ్యాయుడు, అతని పేరు మహాచైత్యపు రాతిమీద, దేశమంతా చూచేచోట. తరువాతి శతాబ్దాలలో అదే వృత్తివారిని ఊరిబయట, బావికి దూరంగా ఎందుకు ఉంచారు, ఎప్పటినుండి ఉంచారు అన్న ప్రశ్న రాయి అడగదు, మనమే అడుగుకోవాలి. నిర్గమకాండములో గుడారపు పనిచేసిన బెసలేలు పేరు, అతని తండ్రి పేరు, అతని గోత్రం వ్రాసి ఉంచినట్టే, ఇక్కడ విధికుని పేరు నిలిచింది. అయితే రాతిమీద ఉన్నంతమాత్రాన పేరు నిలిచినట్టు కాదు. చదివేవాడు కావాలి. ముందు బర్జెస్ మొదలైనవారు, తరువాత శివరామమూర్తిగారు అక్షరం అక్షరం పోల్చి, లిపిని బట్టి కాలం కట్టి, మళ్ళీ అచ్చువేయబట్టి విధికుడు మన దాకా వచ్చాడు. అక్షరాలమీద ఆయన శ్రద్ధ ఎట్టిదంటే, దక్షిణదేశపు లిపుల పరిణామం మీద ప్రత్యేకంగా ఒక గ్రంథమే వ్రాశారు. అది 1952లో వచ్చింది. మన తెలుగు అక్షరం బ్రాహ్మినుండి గుండ్రబడుతూ ఎట్లా వచ్చిందో వరుస పట్టికలలో అందులో చూడవచ్చు.

ఇప్పుడు మళ్ళీ లేపాక్షికి. మద్రాసులో ఆయన పని ఊడదీసి తెచ్చిన రాళ్ళతో. లేపాక్షిలో ఎదుర్కొన్నది దానికి సరిగ్గా ఎదురు వ్యవహారం. గచ్చుమీద పూసిన రంగును గోనెసంచిలో వేసి తీసుకుపోలేరు. అది అక్కడే ఉండాలి, ఉంటే చూరు కారకూడదు, దీపపు పొగ పట్టకూడదు, గబ్బిలాలు పట్టకూడదు, వచ్చినవారు గీకకూడదు. మ్యూజియంవాడు దానికి చేయగలిగింది రెండే. ఏమున్నదో చూచి వ్రాసిపెట్టడం, ఎట్లా చేశారో పరీక్షించి చెప్పడం. మొదటి పని శివరామమూర్తిగారు చేశారు. రెండవది అదే మ్యూజియంలోని రసాయనశాస్త్రజ్ఞుడు ఎస్. పరమశివన్ గారు చేశారు. లేపాక్షి గచ్చును, రంగులను, పూత పద్ధతిని పరిశోధించి ప్రకటించారు. ఒకే సంస్థనుండి ఒకరు కథకోసం, ఒకరు సున్నంకోసం మన గుట్టవైపు చూచారన్నమాట.

ఆలయం కట్టించినవాడు విరూపణ్ణ, తమ్ముడు వీరణ్ణ. అచ్యుతదేవరాయల కాలం, అంటే 1529 నుండి 1542 వరకు నడిచిన పాలన. విరూపణ్ణ పెనుకొండలో రాజోద్యోగి. ఖజానా సొమ్ము గుడికి ఖర్చుచేశాడని నేరం మోపితే తన కళ్ళు తానే పెరికి గోడకు కొట్టాడని, ఆ మరకలు ఇవేనని ఈనాటికీ చూపిస్తారు. అది జనం చెప్పుకొనే కథ. కప్పుమీద మాత్రం అన్నదమ్ములిద్దరూ పరివారంతో దేవుని ఎదుట నిలబడి, రెండు కళ్ళతోనే ఉన్నారు. తలలమీద పొడుగాటి కుళ్ళాయిలు, ఒంటిమీద పలచని తెల్లని వస్త్రాలు. విజయనగరపు ఉద్యోగి ఎట్లా ఉండేవాడో తెలుసుకోవడానికి ఇంతకంటె మంచి సాక్ష్యం దొరకదు.

మిగిలిన మండపాల కప్పునిండా కథలు. పార్వతీకల్యాణం, శివపార్వతులు పాచికలాడటం, అర్జునుని తపస్సు, పందిని వేటాడటం, కిరాతునితో పోరు, ద్రౌపదీ స్వయంవరంలో నీటిలో నీడ చూచి చేపను కొట్టడం, శ్రీరామ పట్టాభిషేకం. ఆవు వచ్చి గంట కొడితే దూడను రథంతో తొక్కించిన సొంత కొడుకుకే మరణశిక్ష వేసిన చోళరాజు కథ కూడ ఉంది. అది తమిళదేశపు కథ మన గుట్టమీదికి వలస వచ్చినది. వీరభద్రుని బొమ్మ ఒకటి కప్పుమీద అడుగులలో లెక్కపెట్టేటంత పెద్దది. వాడిన రంగులు కొద్ది: ఎర్రమట్టి, పసుపుపచ్చ మట్టి, మసినలుపు, సున్నపుతెలుపు, కొంచెం ఆకుపచ్చ. నీలం బహు అరుదు. నల్లని గీత తిరుగుడులోనే ఉంది నేర్పంతా.

నిమ్మలకుంట తోలుబొమ్మలు చూచినవారికి లేపాక్షి ముఖాలు కొత్తగా తోచవు. పక్కకు తిరిగిన మొగం, పొడుచుకువచ్చినట్టున్న కన్ను, వాడి ముక్కు, నడుముదగ్గర బిగించిన చీరకుచ్చిళ్ళు. ఆ చీరలమీది గళ్ళు, చారలు, హంసలు, పూలు ఇటీవలి కాలంలో నేతవారికి, అద్దకంవారికి నమూనాలైనాయి. ప్రభుత్వపు హస్తకళల దుకాణాలకు లేపాక్షి అని పేరు పెట్టడం అందరికీ తెలిసినదే. ఇంతకూ ఆ చీరలు కట్టిన ఆడవారు దేవతలు మాత్రమే కారు. పక్కన నిలబడిన చెలికత్తెలు, పెళ్ళికి వచ్చిన చుట్టాలు. చిత్రకారుడు వారికీ అంతే శ్రద్ధతో చీరలు కట్టాడు.

లేపాక్షి బాగుకోసం మన జిల్లాలో పాటుపడినవారు లేకపోలేదు. కల్లూరు సుబ్బారావుగారివంటి స్వాతంత్ర్యయోధులు తమ చివరిదినాల శ్రమను దానికే ధారపోశారు. ఊరివారి అభిమానం ఒకవైపు, బయటి పండితుని సాక్ష్యం ఒకవైపు ఉంటేగాని ప్రభుత్వాల చెవికి ఎక్కదు. ఆ రెండవ సాక్ష్యాన్ని శివరామమూర్తిగారు ఒక్కసారి చెప్పి వదలలేదు. 1968లో నేషనల్ మ్యూజియం ప్రచురించిన దక్షిణదేశ చిత్రలేఖన గ్రంథంలో మళ్ళీ లేపాక్షికి చోటిచ్చారు. విజయనగర చిత్రాలమీదే ప్రత్యేకంగా వ్రాసిన పుస్తకం ఆయన పోయిన తరువాత, 1985లో, కేంద్రప్రభుత్వ ప్రచురణల విభాగం ద్వారా వెలువడింది. 28 ఏట ఎత్తుకొన్న విషయాన్ని చివరివరకు వదలలేదన్నమాట.

కలకత్తా ఘట్టాన్ని త్వరగా దాటుతాను. పురావస్తు సర్వే తరఫున ఇండియన్ మ్యూజియంలో పనిచేశారు. ఆ రోజులలో సర్వేవారికోసం మహాబలిపురం మీద, చోళుల గుడులమీద చిన్న చిన్న మార్గదర్శినులు వ్రాశారు. చవక వెల పుస్తకాలు, జేబులో పట్టేవి. యాత్రికుల చేతులలో నలిగి, బస్సులలో పోయి, మళ్ళీ మళ్ళీ అచ్చయినవి. పండితులు ఇట్టి పుస్తకాలను చిన్నచూపు చూడడం కద్దు. ఆయన చూడలేదు. 1950లో సర్వేవారి పత్రికలో ఒకే దేవత విగ్రహం సీమసీమకు, కాలకాలానికి ఎట్లా మారుతుందో చూపే వ్యాసం ఒకటి వ్రాశారు. ఉత్తరాది సూర్యుడు బూట్లు తొడుక్కొని ఉంటాడు, దక్షిణాది సూర్యునివి వట్టి పాదాలు. ఇట్టి గుర్తు ఒకటి తెలిస్తే విగ్రహం ఏ నాటిదో, ఏ సీమదో చెప్పడం బడిపిల్లలకు కూడ ఆటవుతుంది.

ఢిల్లీలో నేషనల్ మ్యూజియం 1949లో రాష్ట్రపతి భవనంలో మొదలై, 1960 డిసెంబరులో సొంత భవనానికి వచ్చింది. మొదటి డైరెక్టరుగా వచ్చినది గ్రేస్ మోర్లీ అనే అమెరికా వనిత. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆధునిక కళల మ్యూజియంను ఇరవై ఏళ్ళకు పైగా నడిపిన అనుభవశాలి. వస్తువును ఏ ఎత్తున పెట్టాలి, వెలుతురు ఎటునుండి పడాలి, పక్కన చీటీ ఎంత పెద్ద అక్షరాలలో ఉండాలి, పిల్లలను ఎట్లా రప్పించాలి అన్నవాటికి ఆమె ప్రాణం పెట్టేది. 1966లో ఆమె తరువాత ఆ కుర్చీ శివరామమూర్తిగారికి వచ్చింది. జంతుశాస్త్రపు దొరదగ్గర మొదలుపెట్టి, అమెరికా దొరసానితో కలిసి పనిచేసి, చివరకు తానే పెద్దగా కూర్చున్న సంస్కృత పండితుడు. రెండేళ్ళకే ఉద్యోగకాలం ముగిసింది. అసలు పని అప్పుడే మొదలైందా అన్నట్టు ఆ పైన పుస్తకాలమీద పుస్తకాలు వచ్చాయి. నెహ్రూ ఫెలోషిప్పు సాయంతో వ్రాసిన నటరాజ గ్రంథం 1974లో వెలువడింది. దేశదేశాలలోని నటరాజ విగ్రహాలను, సాహిత్యాన్ని ఒకచోట కుప్పపోసిన మహాగ్రంథమది. శిల్పంలో పక్షులు, జంతువులమీద ఒకటి, గంగమీద ఒకటి, ఋషులమీద ఒకటి, జైనకళమీద ఒకటి. ఎన్నో పుస్తకాలలో గీత బొమ్మలు ఆయన స్వహస్తంతో గీసినవే. ఫొటో చూపలేని సంగతిని గీత చూపుతుంది. ముక్కు విరిగిన విగ్రహంలో ముక్కు ఎక్కడ ఉండేదో చెయ్యి ఎరిగి ఉంటుంది.

తెలుగువారికి పనికివచ్చేది ఇంకొకటి చెప్పి తీరాలి. 1962లో మద్రాసు మ్యూజియం ఆయన వ్రాసిన తూర్పు చాళుక్య శిల్పాల పుస్తకం వేసింది. బెజవాడ, బిక్కవోలు శిల్పాలు అందులోవి. పల్లవ, చోళ శిల్పాల వెలుగులో ఎవరూ చూడక మరుగునపడిన వేంగిరాజుల పనితనాన్ని బయటికి లాగిన పుస్తకమది.

మెచ్చుకోవడం ఒక్కటే చేస్తే వ్యాసం పొగడదండ అవుతుంది. ఆయన పద్ధతిలో నాకు వెలితిగా తోచేది ఒకటి ఉంది. ఏ శిల్పం చూచినా ఆయనకు ముందు కాళిదాసు గుర్తుకువస్తాడు. కాళిదాసు శ్లోకాలకు నాణేలమీది బొమ్మలలో సాటి వెదకి 1945లో ఒక చిన్నపుస్తకమే వ్రాశారు. అది ముచ్చటైన పని. కాని చెక్కినవాడు కాళిదాసును చదివి చెక్కాడా? ఉలి పట్టినవాని ఊరు, కులం, కూలి, పనిముట్టు, వాని ఇంటి మాట ఆయన పుస్తకాలలో చాలా తక్కువ. లేపాక్షి కప్పుకింద పడుకొని రంగు పూసినవాని పేరు మనకు ఆయన ద్వారా దొరకదు. విరూపణ్ణ దొరికాడు, చిత్రకారుడు దొరకలేదు. ఇంకొక వెలితి: చాలావరకు ఆంగ్లంలో, అందులో పెద్దవి వెలలు మోయలేనివి. అమరావతి గ్రంథం కూడ మామూలు ఊరి లైబ్రరీలో కనబడేది కాదు. ఆ చదువును తెలుగులోకి దింపి బడిపిల్లలకు అందించవలసినది తెలుగువారే గనుక ఆ తప్పు అంతా ఆయన నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

మ్యూజియం పనిలో అన్నిటికంటె విసుగు పుట్టించేది ఒకటుంది. ఏ వస్తువు వచ్చినా ముందు దానికొక అంకె వేసి, ఎక్కడ దొరికింది, ఎవరిచ్చారు, ఏ తేదీన, ఎంత పొడవు, ఏ రాయి అని చిట్టాలో ఎక్కించాలి. ఆ చిట్టా లేకపోతే అమరావతి రాయి కూడ వట్టి రాయి. నూరేళ్ళ పండుగ జరుపుకొంటున్న మనకు ఈ సంగతి బాగా తగులుతుంది. పాత బాప్తిస్మపు రిజిస్టర్లు, పెళ్ళి రిజిస్టర్లు, గుడి పునాదిరాళ్ళు, పాత సంస్కారపు పాత్రలు, బోర్డింగు పిల్లలు వరుసగా నిలబడిన ఫొటోలు మన దగ్గరా ఉన్నాయి. ఫొటో వెనుక పేర్లు ఉన్నాయా? ఆ వరుసలోని ముసలివారిని గుర్తుపట్టగలిగినవారు ఇంకా కొందరు బ్రతికే ఉన్నారు. వారి దగ్గర కూర్చుని మెత్తని పెన్సిలుతో, అదిమి వ్రాయకుండా, పేరు, ఊరు, సంవత్సరం వెనుక వ్రాసుకొంటే చాలు. సిరా వద్దు, అది ఇటు ఊరుతుంది. చమ్మకారుడు విధికుని పేరు దాదాపు 1800 ఏళ్ళు ఆగింది. మన తాతల పేర్లు నూరేళ్ళకే చెరిగిపోతే చెప్పుకోవడానికి బాగుండదు.

ఇప్పటి సంగతి. లేపాక్షి 2022 ఏప్రిల్ నుండి అనంతపురం జిల్లాలో లేదు, కొత్తగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది; కాగితంమీద జిల్లా మారినా మనం మన లేపాక్షి అనడం మానలేదు. అదే సంవత్సరం మార్చిలో వీరభద్రాలయాన్ని, ఏకశిలా నంది విగ్రహాన్ని యునెస్కోవారి తాత్కాలిక జాబితాలో చేర్చారు. నందిని చూడడానికి బస్సులు నిండుగా వస్తాయి. 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు గనుక అది కనబడకుండా ఉండదు. నేలకు ఆనని స్తంభం కింద గుడ్డ దూర్చి చూడడానికి జనం వరుస కడతారు. తలెత్తి కప్పు వంక చూచేవారు తక్కువ. చూచేవారు కొంచెం దుప్పటి పరచుకొని వెల్లకిలా పడుకొన్నా పోయేదేమీ లేదు, మెడ నొప్పి పుట్టదు. పొద్దుటిపూట వెలుతురు మండపంలోకి వచ్చేవేళ పోతే మేలు. రంగులు కొన్నిచోట్ల వెలిసిపోయాయి, కొన్నిచోట్ల పెచ్చులూడాయి. వేలితో ముట్టవద్దని, ఫ్లాష్ వెలిగించవద్దని పిల్లలకు ముందే చెప్పి తీసుకుపోవాలి.

చెన్నపట్నం పోయేవారు ఎగ్మూరు స్టేషను దగ్గరే ఉన్న మ్యూజియంలో అమరావతి గదికి ఒక పూట కేటాయించుకోవచ్చు. నాలగిరి ఫలకాన్ని ఎడమనుండి కుడికి చూడాలని మరువవద్దు. శుక్రవారంనాడు మాత్రం పోవద్దు, ఆ రోజు వారికి సెలవు.